అణు విద్యుత్ ప్లాంటు పక్కన ఉంటే నిజంగా ఎంత రేడియేషన్? లెక్కతో చెప్పండి

సందేహం_సుబ్బు
ఈ విషయం ఎక్కడ అడిగినా రెండే జవాబులు. ఒకరు "ఆ గాలి పీలిస్తే క్యాన్సరే" అంటారు. ఇంకొకరు "అరటిపండులో ఉన్నంత కూడా ఉండదు" అని కొట్టిపారేస్తారు. అంకె మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పినా ఒకరు బెక్వెరల్ అంటారు, ఒకరు సీవర్ట్ అంటారు, ఒకరు సీపీఎం అంటారు. మామూలు రోజుల్లో ప్లాంటు నుంచి ఏం బయటికొస్తుంది, ఎంత వస్తుంది? ప్రమాదం జరిగితే ముందు మనిషిని చేరేది ఏది, ఏ దారిన? ఇంట్లో ఉన్నవాళ్లు ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

డోసిమీటర్
ముందు యూనిట్లు తేల్చుకుందాం, లేకపోతే రెండో పేజీకల్లా జుట్లు పట్టుకుంటాం.

బెక్వెరల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. అది పదార్థం లెక్క, ఒంటి లెక్క కాదు. ఒంట్లో కిలో కణజాలానికి ఒక జౌల్ శక్తి చేరితే ఒక గ్రే. అది ఏ రకం కిరణం, ఏ అవయవం మీద పడింది అన్నది కూడా కలిపి హానిని అంచనా వేస్తే సీవర్ట్. సీపీఎం అంటే చేతిలో ఉన్న మీటరు నిమిషానికి ఎన్నిసార్లు టిక్కుమందో అంతే. మీటరు మారితే ఆ అంకె మారిపోతుంది.

ఇక పోల్చుకోవడానికి. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్. అందులో సగం దాకా నేలలోంచి ఇంట్లోకి వచ్చే రాడాన్ వాయువుదే. ఛాతీ సీటీ స్కాన్ ఒక్కసారికి ఇంచుమించు 7. వైద్యం, ప్రకృతి పక్కనపెట్టి సామాన్య జనానికి అంతర్జాతీయ పరిమితి ఏడాదికి 1. ప్లాంటు సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20. సవ్యంగా నడిచే ప్లాంటు పక్కన ఉన్నవాళ్లకి ప్లాంటు వల్ల చేరేది మామూలుగా ఏడాదికి 0.01 మిల్లీసీవర్ట్‌కి అటూ ఇటూ, చాలాచోట్ల ఇంకా తక్కువ.

బీటాగామా
పైన డోసు చెప్పారు కాబట్టి బయటికొచ్చేవేంటో నేను చెబుతా. స్టాక్ (ఎత్తైన పొగ గొట్టం) నుంచి: జెనాన్, క్రిప్టాన్ లాంటి జడ వాయువులు, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కలిసిన నీటి ఆవిరి, కొంచెం కార్బన్-14, అతి కొద్దిగా అయోడిన్. వాయువుల్ని నేరుగా వదలరు. బొగ్గు పడకల గుండా పంపి రోజుల తరబడి ఆలస్యం చేస్తారు. జెనాన్-133 అర్ధాయువు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 5.2 రోజులు, అంటే బొగ్గులో చిక్కుకున్నంతసేపూ కరిగిపోతూ ఉంటుంది. ధూళి కణాల్ని హెపా ఫిల్టర్లు పడతాయి. అయోడిన్‌కి మందు పట్టించిన బొగ్గు వేరే ఉంటుంది. ఆ బొగ్గుకి తేమ తగిలితే పట్టు తగ్గిపోతుంది, అందుకే దాని ముందు హీటర్లు పెడతారు. ఫిల్టరు ఉందా అని మాత్రమే అడిగితే చాలదు. దాని సామర్థ్యం చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అడగాలి.

ఇంకొకటి. ఫోటోల్లో కనిపించే పెద్ద కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచేది నీటి ఆవిరి. రియాక్టర్‌లో తిరిగే నీటికీ దానికీ మధ్య లోహపు గోడలుంటాయి.

నిమ్మగడ్డి
ఆ అరటిపండు పోలిక ఎవరైనా తెస్తే ఒళ్లు మండుతుంది. పొటాషియంని శరీరం ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంచుకుంటుంది, ఎక్కువైంది మూత్రంలో పోతుంది. కాబట్టి ఎన్ని పళ్లు తిన్నా ఒంట్లో పొటాషియం-40 పెరగదు. అయోడిన్-131 అలా కాదు, థైరాయిడ్‌లో పోగవుతుంది. స్ట్రాన్షియం-90 ఎముకలో కూర్చుంటుంది. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి జనాన్ని ఓదార్చడం తప్పు.

డోసిమీటర్
నిమ్మగడ్డి గారితో వంద శాతం ఏకీభవిస్తా. ఏ ఐసోటోపు (అయోడిన్-131, పొటాషియం-40 లాంటి మూలకం రకం), ఏ దారిన, ఎంతకాలం: ఈ మూడూ చెప్పని పోలిక దేనికీ పనికిరాదు.

కాంట్రాక్ట్_గొంతు
"పక్కన ఉన్నవాళ్లకి 0.01" అని రాశారు, బాగుంది. మరి గోడ లోపల ఉన్నవాళ్ల మాటేంటి? ప్లాంటు రేడియేషన్లో సింహభాగం మోసేది షట్‌డౌన్ మరమ్మతులకి వచ్చే మనుషులు. వాళ్లలో చాలామంది తాత్కాలిక కూలీలు. ఈ నెల ఇక్కడ, వచ్చే నెల ఇంకో ప్లాంటులో. డోసు పుస్తకం మనిషి వెంట వెళ్లకపోతే ఏడాది మొత్తం ఎవరు కూడుతున్నారు? భద్రత అంటూ జనం డోసు ఒక్కటే చూపించడం సగం నిజం.

టర్బైన్_శీను
కాంట్రాక్ట్ గొంతు అన్నది నిజం, దాని వెనక సాంకేతికం కూడా చెప్పాలి.

రియాక్టర్ నడుస్తున్నప్పుడు నీటిలోని ఆక్సిజన్ నుంచి నైట్రోజన్-16 పుడుతుంది. దాని గామా కిరణం చాలా గట్టిది, కానీ అర్ధాయువు 7 సెకన్లు. నీరు రియాక్టర్లోనే మరిగే రకంలో ఇది ఆవిరితో పాటు టర్బైన్ దాకా వస్తుంది కాబట్టి నడిచేటప్పుడు టర్బైన్ హాలులోకి కూడా మనుషుల్ని రానివ్వరు. ఆపిన రెండు నిమిషాల్లో అది మాయం.

మాయం కానిది కోబాల్ట్-60. వాల్వు సీట్లకి వాడే గట్టి మిశ్రమలోహంలో కోబాల్ట్ ఉంటుంది. అది అరిగి నీటిలో కలుస్తుంది, రియాక్టర్ గుండా తిరిగి రేడియోధార్మికం అవుతుంది, పైపు మలుపుల్లో, వాల్వు గుంటల్లో పేరుకుంటుంది. అర్ధాయువు 5.27 ఏళ్లు. మరమ్మతు మనిషికి తగిలేది ఎక్కువగా ఇదే.

డోసు తగ్గించే పద్ధతి: పనిని బయట నమూనా పైపు మీద చేసి చేయి తిప్పుకోవడం, పైపుని రసాయనంతో కడగడం, సీసం దుప్పట్లు కప్పడం, ఎలక్ట్రానిక్ డోసిమీటర్ అలారం హద్దు ముందే బిగించడం. లెక్క ఇలా: వాల్వు నుంచి మీటరు దూరంలో గంటకి 2 మిల్లీసీవర్ట్ ఉంటే పది నిమిషాల పనికి 0.33. ఒక పాన ఇరుక్కుని ఇంకో అరగంట పడితే 1.3 దాటుతుంది. డోసు పెరిగేది ఎక్కువగా ఇలా, పనిముట్టు సరిపోకో, కొలత తప్పో.

బీటాగామా
దీనికి చిన్న చేర్పు. "దూరం రెట్టింపు చేస్తే డోసు నాలుగో వంతు" అన్న సూత్రం చుక్కలాంటి మూలానికే. పొడుగు పైపు పక్కన నిలబడితే దూరం రెట్టింపుకి సగమే తగ్గుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. అడ్డు విషయానికొస్తే కోబాల్ట్-60 గామాని సగం చెయ్యాలంటే సీసం 1.2 సెంటీమీటర్లు కావాలి, కాంక్రీటైతే 6 పైన.

పున్నమి_మేఘం
భారజల రియాక్టర్లలో ట్రిటియం ఎక్కువ అంటారు, ఎందుకని?

టర్బైన్_శీను
భారజలంలో ఉన్నది డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్. అది న్యూట్రాన్ మింగితే ట్రిటియం. అందుకే ఆ రకంలో సీలు దగ్గర చిన్న లీకు కూడా గాలిలో ట్రిటియం ఆవిరిగా తేలుతుంది. ఊపిరితోనే కాదు, చర్మం నుంచి కూడా లోపలికి పోతుంది. మాస్కు ఒక్కటీ చాలదు, బయటి నుంచి గాలి ఎక్కించే ప్లాస్టిక్ సూటు వేసుకోవాలి. బయటికొచ్చాక మూత్రం నమూనా ఇవ్వాలి. ఒంట్లో సగం పోవడానికి దాదాపు 10 రోజులు, నీళ్లు బాగా తాగిస్తే ఇంకా తొందరగా పోతుంది.

పున్నమి_మేఘం
తాగే నీళ్లలో కలిస్తే?

డోసిమీటర్
తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం లీటరుకి 10,000 బెక్వెరల్. అంకె చూసి గుండె జారుతుంది గానీ, అలాంటి నీరు రోజూ రెండు లీటర్లు ఏడాదంతా తాగితే వచ్చేది 0.13 మిల్లీసీవర్ట్. ట్రిటియం బీటా కిరణం అంత బలహీనం. జపాన్‌లో 2011లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా ప్లాంటులో 2023 ఆగస్టు నుంచి సముద్రంలోకి వదులుతున్న నీటికి పెట్టుకున్న హద్దు లీటరుకి 1,500. అక్కడ గట్టిగా అడగాల్సింది ట్రిటియం గురించి కంటే, మిగతా ఐసోటోపులు ఫిల్టర్లలో నిజంగా ఆగాయా, ఏ ట్యాంకులో ఎంత మిగిలింది అని.

కాంట్రాక్ట్_గొంతు
అంతా చిన్న అంకెలే అయితే జర్మనీ పిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్) సంగతేంటి? 2007లో వచ్చిన అధ్యయనం. 16 ప్లాంట్ల చుట్టూ 5 కిలోమీటర్ల లోపు, ఐదేళ్లలోపు పిల్లల్లో 1980 నుంచి 2003 దాకా 37 కేసులు, ఉండాల్సినవి 17. రెట్టింపుకి పైన.

డోసిమీటర్
అది నిజమైన అధ్యయనమే, తీసిపారెయ్యడానికి లేదు. చిక్కెక్కడంటే అక్కడ కొలిచింది దూరాన్ని, డోసుని కాదు. ఆ ప్లాంట్ల నుంచి పిల్లలకి చేరిన డోసు ప్రకృతి డోసులో చాలా చిన్న భాగం. ఆ డోసుకి అంత లుకేమియా రావాలంటే ప్రకృతి రేడియేషన్ వల్లే ఎన్నో రెట్లు ఎక్కువ కేసులు కనపడాలి, కనపడవు. ఫ్రాన్స్‌లో 2002-2007 లెక్కల్లో కూడా దగ్గర్లో పెరుగుదల కనిపించింది, కానీ డోసు అంచనాతో పోల్చి చూస్తే పొంతన కుదరలేదు. బ్రిటన్‌లో 2011 సమీక్షలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కారణం ఇంకా తెగలేదు. "రేడియేషనే" అని ఖాయం చెయ్యలేం, "ఏమీ లేదు" అని మూసెయ్యనూలేం.

కాంట్రాక్ట్_గొంతు
సిబ్బంది మీద చేసినదాంట్లో మాత్రం డోసులు కొలిచారు కదా? ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా కలిపి 3 లక్షల పైచిలుకు అణు కార్మికులు, 2023లో వచ్చింది. ఒక గ్రేకి గడ్డల రకం క్యాన్సర్ మరణాల రేటు 52 శాతం పెరుగుదల. తక్కువ డోసుల దగ్గర కూడా గీత సున్నాకి పడిపోలేదు.

డోసిమీటర్
అవును, అది బలమైన ఆధారం. ఒక గ్రే అంటే వెయ్యి మిల్లీగ్రే అని గుర్తుంచుకుని చదవాలి: ఉద్యోగకాలం మొత్తంలో 100 మిల్లీగ్రే పోగైతే ఆ రేటు 5 శాతం దాకా పెరుగుతుందన్నమాట. ఒక మనిషిలో కనిపించదు, లక్షల్లో కనిపిస్తుంది. అందుకే పరిమితి లోపల ఉన్నాం కదా అని ఆగకుండా వీలైనంత తగ్గించాలన్న నియమం పెట్టారు. ఏడాదికి 20 మిల్లీసీవర్ట్ అనేది దాటకూడని గీత, చేరుకోవాల్సిన లక్ష్యం కాదు.

వేపచెట్టు
సిబ్బంది సరే. పేలితే మాట చెప్పండి. బాంబులా పేలుతుందా?

బీటాగామా
పేలదు. మామూలు నీటి రియాక్టర్ ఇంధనంలో యురేనియం-235 మూడు నుంచి ఐదు శాతం, బాంబుకి 90 శాతం దాకా కావాలి. అసలు శత్రువు మిగులు వేడి.

రియాక్టర్ ఆపెయ్యగానే గొలుసు చర్య ఆగుతుంది, కానీ విచ్ఛిన్న ఖండాలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి. 1,000 మెగావాట్ల కరెంటు ఇచ్చే ప్లాంటులో అసలు వేడి దాదాపు 3,000 మెగావాట్లు. ఆపిన క్షణంలో అందులో 6.5 శాతం, అంటే 195 మెగావాట్లు. గంట గడిచాక ఒకటిన్నర శాతం. ఒక రోజు గడిచాక అర శాతం, అంటే 15 మెగావాట్లు. ఆ 15 మెగావాట్లే గంటకి 20 టన్నులకు పైగా నీటిని ఆవిరి చేస్తాయి. పంపు ఆగితే నీటి మట్టం దిగుతుంది, ఇంధనం బయటపడుతుంది. 1,200 డిగ్రీల ప్రాంతంలో జిర్కోనియం తొడుగు ఆవిరితో కలిసి హైడ్రోజన్ వదులుతుంది. ఫుకుషిమాలో 2011 మార్చి 12న ఒకటో యూనిట్, 14న మూడో యూనిట్ పైకప్పుల్ని లేపింది ఆ హైడ్రోజనే. నాలుగో యూనిట్ అసలు ఆగి ఉంది. మూడో యూనిట్ హైడ్రోజన్ ఉమ్మడి పైపుల్లోంచి వెనక్కి వచ్చి దాన్ని కూడా 15న పేల్చింది.

అక్కడ భూకంపానికి బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. దాదాపు 50 నిమిషాలకి సునామీ వచ్చి జనరేటర్లనీ స్విచ్‌బోర్డుల్నీ ముంచేసింది. అందుకని ప్లాంటు భద్రత తెలుసుకోవాలంటే ముందు అడగాల్సినవి: జనరేటర్లు ఏ ఎత్తులో ఉన్నాయి, బ్యాటరీలు ఎన్ని గంటలు ఆగుతాయి, కరెంటు లేకుండా హైడ్రోజన్‌ని ఆక్సిజన్‌తో కలిపి నీరుగా మార్చే పరికరాలున్నాయా, ఫిల్టరున్న వెంట్ (లోపలి ఒత్తిడి వదిలే దారి) ఉందా.

వేపచెట్టు
మరి చెర్నోబిల్?

టర్బైన్_శీను
అది వేరే జాతి. నీరు మరిగి బుడగలైన కొద్దీ శక్తి పెరిగే డిజైన్, గ్రాఫైట్ నిండిన గర్భం, పైన పూర్తి కంటైన్‌మెంట్ (రియాక్టర్‌ని మూసి ఉంచే గట్టి కట్టడం) లేదు. 1986 ఏప్రిల్ 26న పేలాక 134 మందికి తీవ్ర రేడియేషన్ జబ్బు ఖాయమైంది, అందరూ సిబ్బందీ మంటలార్పినవాళ్లూ. వాళ్లలో 28 మంది ఆ ఏడాదే పోయారు. బయటి ప్రపంచానికి తెలిసింది ఎలాగంటే, 28న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ ప్లాంటులో ఒక ఉద్యోగి బూట్లకి అలారం మోగింది. లీకు తమదేనేమో అని వెతికారు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం నుంచి గాలి, వాన మోసుకొచ్చిన ధూళి అది.

సందేహం_సుబ్బు
మంచి వివరాలు. జనాల్ని ముందు చేరేది ఏది?

డోసిమీటర్
వరుసగా: మొదట జడ వాయువులు. మబ్బులా దాటిపోతాయి, ఒంట్లో నిలవవు. వాటితోనే అయోడిన్-131, అర్ధాయువు 8 రోజులు. తర్వాత నేల మీద మిగిలేవి సీజియం-134, రెండేళ్లు, సీజియం-137, 30 ఏళ్లు.

మొదటి నెల కథంతా అయోడిన్‌దే, అది ఎక్కువగా పాల ద్వారా. మబ్బు గడ్డి మీద వాలుతుంది, పశువు రోజంతా బోలెడంత గడ్డి మేస్తుంది, రెండు మూడు రోజుల్లో పాలలో గరిష్ఠానికి చేరుతుంది, ఆ పాలు పసిపిల్ల తాగుతుంది, పసిపిల్ల థైరాయిడ్ చిన్నది కాబట్టి గ్రాముకి డోసు ఎన్నో రెట్లు. చెర్నోబిల్ చుట్టూ అప్పటికి 18 ఏళ్లలోపు ఉన్నవాళ్లలో 1991 నుంచి 2015 దాకా దాదాపు 20 వేల థైరాయిడ్ క్యాన్సర్లు నమోదయ్యాయి. అందులో ఇంచుమించు నాలుగో వంతు రేడియేషన్ వల్లేనని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ అంచనా. ఆ పాలు వెంటనే ఆపి ఉంటే వాటిలో చాలా భాగం తప్పేవి. 1957లో బ్రిటన్‌లో విండ్‌స్కేల్ రియాక్టర్ తగలబడినప్పుడు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు పారబోయించారు. పద్ధతి అప్పటికే తెలుసు.

నిమ్మగడ్డి
అయోడిన్ మాత్రల సంగతి కూడా రాయండి. అయోడిన్ ఉప్పు తింటే చాలని ప్రచారం నడుస్తోంది. 2011లో చైనాలో జనం ఉప్పు కోసం ఎగబడ్డారు.

డోసిమీటర్
ఉప్పుతో పని జరగదు. పెద్దవాళ్లకి కావలసింది 100 మిల్లీగ్రాముల అయోడిన్. కిలో ఉప్పులో 30 మిల్లీగ్రాములు ఉందనుకున్నా మూడు కిలోలకు పైగా ఒకేసారి మింగాలి, ఉప్పే చంపుతుంది. గాయాలకి పూసే అయోడిన్ అసలు తాగకూడదు.

పొటాషియం అయోడైడ్ మాత్ర మోతాదు: 12 ఏళ్లు దాటిన అందరికీ 130 మిల్లీగ్రాములు, 3 నుంచి 12 ఏళ్లకి 65, నెల నుంచి మూడేళ్ల దాకా 32, నెలలోపు పసికందుకి 16. మబ్బు చేరకముందు 24 గంటల్లోపు గానీ, చేరాక రెండు గంటల్లోపు గానీ వేసుకుంటే పని బాగా చేస్తుంది. ఎనిమిది గంటల దాకా ఎంతో కొంత ఉపయోగం. 24 గంటలు దాటాక వేసుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ, అప్పటికే చేరిన రేడియో అయోడిన్‌ని బయటికి పోనివ్వదు. కాబట్టి అధికారులు చెప్పినప్పుడే. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందు. 40 దాటినవాళ్లకి లాభం తక్కువ. సీజియంకి ఈ మాత్ర ఏమీ చెయ్యదు.

1986లో పోలండ్ ఏప్రిల్ 29 నుంచే మొదలుపెట్టి కోటి మందికి పైగా పిల్లలకి అయోడిన్ పట్టించింది. నిల్వ ముందే ఉంటేనే అది సాధ్యం.

వేపచెట్టు
వార్త వినగానే బండెక్కి పారిపోవడం మేలు కదా?

బీటాగామా
ప్రతిసారీ కాదు. మబ్బు దాటుతున్నప్పుడు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం కంటే మందపాటి గోడల ఇంట్లో ఉండటం మేలు. లోపలికి వెళ్లాక కిటికీలు, తలుపులు, ఎగ్జాస్ట్ ఫ్యాను, బయటి గాలి లాగే ఏసీ ఆపెయ్యండి. గోడలకీ కిటికీలకీ దూరంగా మధ్య గదిలో ఉండండి. చాలామంది మరిచేది: మబ్బు దాటిందని ప్రకటించాక తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి, ఎందుకంటే సందుల్లోంచి దూరినది ఇప్పుడు లోపలే ఉంది.

బయటి నుంచి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే పైబట్టలు విప్పి సంచిలో మూట కట్టాలి. అంటిన ధూళిలో చాలా భాగం దాంతోనే పోతుంది. గోరువెచ్చటి నీళ్లు, సబ్బు, ఒళ్లు గీరకుండా స్నానం. తలకి షాంపూ సరే, కండిషనర్ వద్దు, అది ధూళిని వెంట్రుకకి అతికిస్తుంది. ముక్కు చీదాలి, కనురెప్పలు, చెవులు తడిబట్టతో తుడవాలి. మంచి మాస్కు సీజియం ధూళిని ఆపుతుంది, వాయు రూపంలో ఉన్న అయోడిన్‌ని ఆపదు.

నిమ్మగడ్డి
తరలింపు దానికదే చంపుతుంది, ఇది గట్టిగా చెప్పాలి. ఫుకుషిమాలో జనం రేడియేషన్ జబ్బుతో ఒక్కరూ పోలేదు. ఆస్పత్రుల్లో మంచాన ఉన్న ముసలివాళ్లని మందులూ నర్సులూ లేకుండా బస్సుల్లో గంటల తరబడి తిప్పితే కనీసం 50 మంది పోయారు. తర్వాతి ఏళ్లలో ఆ ప్రిఫెక్చర్‌లో (రాష్ట్రం లాంటిది) తరలింపు కష్టాలు, ఒత్తిడి లాంటి కారణాలతో పోయినవాళ్లని విపత్తు సంబంధిత మరణాలుగా లెక్కిస్తే 2 వేలు దాటింది. మంచాన ఉన్నవాళ్లకి వాహనం, ఆక్సిజన్, చేరే ఆస్పత్రి ముందే రాసిపెట్టని ప్రణాళిక కాగితమే.

కాంట్రాక్ట్_గొంతు
దానికి రెండో వైపు ఇటాటే గ్రామం. 20 కిలోమీటర్ల వృత్తం గీశారు, ఆ ఊరు వాయువ్యాన దాదాపు 40 కిలోమీటర్ల దూరం. మార్చి 15న గాలి అటు తిరిగింది, వాన, మంచు పడి సీజియం అక్కడ దిగింది. ఖాళీ చెయ్యమన్నది ఏప్రిల్ 22న. అన్ని రోజులూ పిల్లలు అక్కడే ఉన్నారు. కంపాస్‌తో గీసిన వృత్తాన్ని గాలి పట్టించుకోదు. కొలిచిన అంకెలు ఆ గంటలోనే జనానికి చెప్పాలి.

బీటాగామా
ఇందులో రెండు మాటల్లేవు. మబ్బు వెళ్తుండగా ఎక్కడ వాన పడితే అక్కడే మచ్చ పడుతుంది.

పున్నమి_మేఘం
వాన అంటే గుర్తొచ్చింది. గీగర్ మీటర్లు మామూలు వానకి కూడా పెరుగుతాయని పోస్టులు తిరుగుతున్నాయి, లీకంటున్నారు.

డోసిమీటర్
రాడాన్ విచ్ఛిన్నమై పుట్టే పిల్లలు అవి. గాలిలోని సీసం-214, బిస్మత్-214ని వాన కడిగి కిందికి దింపుతుంది. వాటి అర్ధాయువులు 27, 20 నిమిషాలు. వాన ఆగిన రెండు మూడు గంటల్లో మీటరు పాత మట్టానికి వస్తే అది రాడానే. మర్నాటికీ దిగకపోతే అప్పుడు అడగండి.

మీటరు కొనేవాళ్లకి: గంటకి 0.05 నుంచి 0.2 మైక్రోసీవర్ట్ (మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు) చాలాచోట్ల మామూలు. ఒక్క రీడింగు చూసి కంగారు పడకుండా ఒకే చోట, నేల నుంచి మీటరు ఎత్తులో, రోజుల తరబడి రాసిపెడితేనే మార్పు తెలుస్తుంది. చవక మీటరు ట్రిటియంని అసలు చూడలేదు. పాలలో, కూరల్లో సీజియం పరిమితి లోపల ఉందో లేదో కూడా చెప్పలేదు. దానికి సీసం గూటిలో పెట్టిన గామా స్పెక్ట్రోమీటర్ (ఏ ఐసోటోపు ఎంతుందో విడదీసి చూపే యంత్రం) కావాలి.

వేపచెట్టు
వాడేసిన ఇంధనం ఎవరూ ఎత్తలేదు.

టర్బైన్_శీను
కొలనులో ఇంధనం మీద ఏడు మీటర్ల నీరుంటుంది. ఆ నీరున్నంతవరకూ గట్టు మీద నడవొచ్చు. నీరు పోతేనే ప్రమాదం. అందుకే ఐదేళ్లో అంతకంటే కాస్త ఎక్కువో చల్లారాక, గాలితోనే చల్లబడే పొడి పీపాల్లోకి మార్చడం మంచిది. కొలనుని కిక్కిరిసి నింపుకుంటూ పోవడం బద్ధకం, దాన్ని పొదుపు అనకూడదు. వెయ్యేళ్ల పైబడి దాచే చోటు గురించి వేరే థ్రెడ్ పెట్టండి, అదొక మహాభారతం.

సందేహం_సుబ్బు
చివరగా ఒకటి. పాలు ఆపమంటే పాడి మీద బతికేవాళ్ల గతేంటి? మొత్తం పారబోయాల్సిందేనా?

డోసిమీటర్
అయోడిన్ ఒక్కటే అయితే పారబోయక్కర్లేదు. పాలని పొడి చేసి 80 రోజులు నిల్వ ఉంచితే పది అర్ధాయువులు గడుస్తాయి, వెయ్యో వంతుకి దిగిపోతుంది. సీజియంకి ఇది పనిచెయ్యదు, కాబట్టి ముందు పరీక్ష చేయించి ఏది ఉందో తేల్చుకోవాలి. హెచ్చరిక రాగానే పశువుల్ని కొట్టంలో కట్టేసి, మబ్బుకి ముందే కోసి కప్పిపెట్టిన మేత వెయ్యాలి. నీళ్లు మూతున్న తొట్టిలోంచో బోరులోంచో పట్టాలి, చెరువుకి తోలొద్దు. సీజియం అంటిన మేత తప్పదనుకుంటే దాణాలో ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు పదార్థం కలుపుతారు, అది పేగులోనే సీజియంని పట్టుకుని పేడలో దించేస్తుంది. చెర్నోబిల్ తర్వాత నార్వేలో, బెలారస్‌లో అలాగే చేశారు. ఆ పేడని మాత్రం పొలానికి వెయ్యకూడదు.